వండేవారిని అడిగి కట్టాలి

మూడు రాళ్ళు పెడితే పొయ్యి. ఖర్చు లేదు. కాని కట్టెలు ఎన్ని పెట్టినా చాలవు. ఎందుకని?

మంట చుట్టూ ఖాళీ ఉంటుంది. గాలికి మంట పక్కకు పోతుంది. వేడిలో నూటికి 10, 15 పాళ్ళే గిన్నెకు అందుతాయి. మిగిలినదంతా వృథా. కట్టె సరిగ్గా కాలక పొగ వస్తుంది. ఆ పొగ కళ్ళను మండిస్తుంది. ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. పసిపిల్లలకు నెమ్ము తెస్తుంది. చెట్లు తరిగేకొద్దీ కట్టెల కోసం నడిచే దూరం పెరుగుతుంది.

దీనికి ఉపాయం ఉంది. పొయ్యి రూపం మార్చాలి. చుట్టూ మట్టి గోడ కట్టాలి. వేడి బయటకు పోదు. అడుగున ఇనుప ఊచలు పెట్టాలి. కింద నుంచి గాలి అందుతుంది. కట్టె బాగా కాలుతుంది. పక్కన రెండో గిన్నెకు చోటు ఉంచాలి. పోయే వేడితో నీళ్ళు కాగుతాయి. పొగ గొట్టం గుండా కప్పు పైకి పోతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. హైదరాబాదులో ఇంజనీరు యస్.పి. రాజు పొగలేని పొయ్యిని తయారు చేశారు. 1953లో దాని గురించి పుస్తకం రాశారు. 1983లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పొయ్యిలు కట్టించడం మొదలుపెట్టింది. దేశంలో 3 కోట్లకు పైగా కట్టారు. 2002లో ఆ పథకం ఆగింది. చాలా ఇళ్ళలో ఆ పొయ్యిలు మూలపడ్డాయి. ఎందుకో ఈ అత్తాకోడళ్ళ మాటల్లో చూడండి.

"కొత్త పొయ్యి వెలిగించవేమ్మా?" అంది అత్త.

"మన అన్నం గిన్నె దానిమీద కూర్చోదు అత్తయ్యా. కట్టెలు సన్నగా చీల్చాలి. రోజూ గొడ్డలి పట్టేదెవరు? గొట్టం నిండా మసి. పొగంతా ఇంట్లోకే వస్తోంది."

"కట్టేటప్పుడే మేస్త్రీకి చెప్పకపోయావా?"

"నన్ను అడిగిందెవరు? మగవాళ్ళతో మాట్లాడి కట్టేసి పోయాడు."

అదీ అసలు లోపం. వస్తువు చేసేవారు ముందు వాడేవారిని అడగాలి. వాడని పొయ్యి ఒక్క కట్టెను కూడా మిగల్చదు.

2016 నుంచి ఉజ్వల పథకం కింద పేద ఇళ్ళకు గ్యాసు వచ్చింది. కాని బండ ధర భరించలేక కట్టెలు కూడా వాడే ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళకు మంచి పొయ్యి ఇంకా కావాలి.

పొయ్యి కట్టే మనిషి వస్తే మీరే ముందుకు రండి. మీ పెద్ద గిన్నె తెచ్చి చూపండి. గొట్టంలో మసి ఎలా దులపాలో అడిగి నేర్చుకోండి. ఎండిన కట్టెలే వాడండి.

ఆలోచించండి - రాయండి

1. మూడు రాళ్ళ పొయ్యిలో వేడి ఎటు పోతుంది?
2. కోడలు కొత్త పొయ్యిని ఎందుకు వాడలేదు?
3. మీ ఇంట్లో ఏ వస్తువును మార్చి చేస్తే బాగుంటుంది? రెండు వాక్యాలు రాయండి.