దంతవైద్యమున నూతన ఛాయాచిత్రములు: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

నిడదవోలు మండలమందలి తాడిమళ్ళ, సమిశ్రగూడెము మొదలగు గ్రామములవారు పంటి బాధకు పట్టణమునకు పోయినప్పుడు ‘ఎక్స్‌రే’ అను మాట తప్పక విందురు. కొందరు దానికి భయపడుదురు. మరికొందరు పెద్ద ఫొటో తీయనిదే మంచి వైద్యము కాదని తలంతురు. ఈ రెండు తలంపులును నష్టము కలిగించునవే. ఏ చిత్రము ఎవరికి, ఎప్పుడు కావలెనో నిర్ణయించునది వైద్యుని జ్ఞానము. గ్రామమున దంతవైద్య శిబిరములు ఏర్పాటు చేయు పంచాయతీ సభ్యులు దీనిని గ్రహించుట అవసరము.

1895వ సంవత్సరమున జర్మనీ దేశమందు రాంట్‌జన్ పండితుడు ఎక్స్ కిరణములను కనుగొనెను. 1896 జనవరిలోనే వాల్కాఫ్ అను దంతవైద్యుడు తన పండ్లనే చిత్రము తీసికొనెను. అందులకు 25 నిమిషములు పట్టెను. నేడు సెకనులో కొంత భాగము చాలును. అమెరికాలో కెల్స్ అను దంతవైద్యుడు ఈ కిరణముల హాని తెలియని ఆ తొలి దినములలో వాటితో పనిచేసి వ్రేళ్ళను, తుదకు చేతినే కోల్పోయెను. యంత్రము ముందు వచ్చి, దానిని గూర్చిన తెలివి వెనుక వచ్చినచో ఎంత కీడు కలుగునో దీనివలన తెలియుచున్నది.

చిత్రములు మూడు విధములు

మొదటిది నోటిలో చిన్న పలక నుంచి తీయునది. మూడు నాలుగు పండ్లు, వాని వేళ్ళు కనబడును. పుచ్చు పంటికి సాధారణముగా ఇదియే చాలును. రెండవది ఓపీజీ. రెండు దవడలును ఒకే చిత్రమున అగపడును. మూడవది సీబీసీటీ. ఈ యంత్రము తల చుట్టును తిరిగి, ఎముకయొక్క పొడవు, వెడల్పు, లోతు మూడింటిని చూపును. జ్ఞానదంతము దవడలోని నరమునకు ఆనుకొని యున్నప్పుడు, ఎముకలో కృత్రిమ దంతము బిగించునప్పుడు, దవడలో తిత్తి ఏర్పడినప్పుడు ఇది మిక్కిలి ఉపయోగకరము.

ప్రకృతిలోనే ప్రతి మనుజునకు ఏటా సగటున 2.4 మిల్లీసీవర్టుల కిరణము తగులుచున్నది. చిన్న చిత్రమునకు పట్టునది ఇంచుమించు ఒకనాటి పాలు మాత్రమే. సీబీసీటీకి అంతకు ఎన్నో రెట్లు పట్టును. కావున అక్కరకు వచ్చినచో వెనుదీయరాదు. అక్కర లేనిచో కోరరాదు.

వైద్యుని బాధ్యత

ఈ యంత్రమును గూర్చి వినియుండుట వేరు, దాని చిత్రమును చదువుట వేరు. బి.డి.ఎస్. విద్యార్థులకు ఈ శాస్త్రము బోధింపబడుచున్నది. ఇందు ప్రత్యేక నైపుణ్యమునకు మూడేండ్ల ఎం.డి.ఎస్. చదువు గలదు. యంత్రము తెలియని వైద్యుడు దానిని తలపెట్టడు. తెలిసీ తెలియని వైద్యుడు అందరికిని వ్రాయును. తెలిసినవాడు ముందు నోరు పరీక్షించి, పిదప చిత్రము కోరును. నిడదవోలునుండి రైలుమార్గమున చేరదగిన భీమవరమునందును, రాజమహేంద్రవరము చేరువనున్న రాజానగరమునందును దంతవైద్య కళాశాలలు గలవు. చిక్కు కేసులను అట్టిచోటికి పంపవచ్చును.

సభ్యులు చేయవలసినవి

1. శిబిరమునకు ఎక్స్‌రే యంత్రము తెచ్చినచో అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి యున్నదో లేదో విచారింపవలెను.

2. చిత్రము ఎందులకో, ఎవరు చదువుదురో అడుగుటకు రోగికి హక్కు గలదని చాటవలెను.

3. గర్భిణులు ఆ సంగతి ముందుగా తెలుపవలెను. పిల్లలకు అత్యవసరమైననే తీయింపవలెను.

4. పాత చిత్రములను భద్రపరచి వెంట తీసికొని పోవలెనని చెప్పవలెను. మరల తీయు పని తప్పవచ్చును.

5. చుట్ట కాల్చువారికి, పొగాకు నమలువారికి నోటిలో పుండు రెండు వారములలో మానకున్నచో వెంటనే వైద్యునికి చూపవలెను. బుగ్గలోను నాలుకపైనను పుట్టు పుండు స్వభావము సీబీసీటీలో తేలదు. చిన్న ముక్క తీసి పరీక్షించిననే తేలును. ఫొటో బాగున్నదని ఊరకుండుట ప్రాణాపాయము.

శిబిరమున ఎన్ని చిత్రములు తీసిరని లెక్కించుటకంటె, ఎందరి బాధకు సరియైన కారణము తెలిసెనని విచారించుట గ్రామమునకు మేలు.