మూసీ పుట్టిన లావా గుట్టలు

— బి.ఎస్సీ. విద్యార్థి, కేతేపల్లి

అగ్నిపర్వతం అనగానే మనకు జపానులోని ఫ్యూజీయామా, ఇటలీలోని వెసూవియస్ జ్ఞాపకం వస్తాయి. పరీక్షలో రాసేవి కూడా ఆ పేర్లే. కాని మన కేతేపల్లి కాల్వలో పారే మూసీ, లావా గడ్డకట్టిన గుట్టల్లో పుట్టి వస్తున్నదంటే చాలామంది మిత్రులు నమ్మరు. ఆ గుట్టలను చూడడానికి సముద్రాలు దాటనక్కరలేదు. వికారాబాదులో రైలు దిగి, అక్కడికి అయిదారు కిలోమీటర్ల దూరంలో ఉన్న అనంతగిరికి పోతే చాలు. కిందటేడు వానలు వెనుకపట్టిన తర్వాత మేము నలుగురు మిత్రులం ఆ త్రోవ నడిచినాము. అక్కడ కంటితో చూసినదానిని, పుస్తకాలలో చదివినదానితో కలిపి ఈ చిన్న వ్యాసంలో మనవి చేస్తున్నాను.

త్రోవ

గుట్ట మీద అనంత పద్మనాభస్వామి దేవాలయం ఉన్నది. యాత్రికులు తరతరాలుగా నడిచిన బాట ఇది. గుడి నుంచి మెట్లు దిగితే భవనాశి అనే కోనేరు, దాన్ని దాటితే అడవి, లోయలు. మూసీకి ముచికుందా నది అని పెద్దలు చెప్పే పేరు ఇక్కడి ముచికుంద మహర్షి కథ నుంచి వచ్చినదే. త్రోవ చిన్నదే, పూట కూడా పట్టదు. అయితే రాళ్ళు పాచిపట్టి జారుతవి. చెప్పులు పనికిరావు, బూట్లే ఉండాలె. చేతిలో ఒక కట్టె, సంచిలో నీళ్ళ సీసా, విజ్ఞాన విద్యార్థి అయితే ఒక భూతద్దం, ఇంతకుమించి సామాను అక్కరలేదు.

రాయి

పైన కనిపించేది లాటరైట్ అనే ఎర్రరాయి. తుట్టెలాగా చిల్లులు చిల్లులుగా ఉంటది. దాని కింద ఉన్నది బసాల్టు అనే నల్లరాయి. ఇదే గడ్డకట్టిన లావా. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కింద దక్కనులో భూమి పొడుగాటి పగుళ్ళుగా విచ్చుకొని, వెయ్యి డిగ్రీల సెంటీగ్రేడుకు పైబడిన వేడితో లావా పొరలు పొరలుగా పారింది. శిఖరం మీద నోరు తెరుచుకున్న అగ్నిపర్వతం కాదు ఇది, పగిలిన చేను వంటిది. ఆ లావా నేడు సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకొని ఉన్నది. దాని తూర్పు అంచులలో అనంతగిరి ఒకటి. ఈ శిలలను దక్కను ట్రాపులు అంటారు. స్వీడిష్ భాషలో 'ట్రాప' అంటే మెట్లు. పొరలన్నీ మెట్లమాదిరి కనిపిస్తవి గనుక ఆ పేరు వచ్చింది.

ఒక పొరకూ మరొక పొరకూ నడుమ లావా ఆగిన కాలంలో చెరువులు ఏర్పడినవి, జీవులు బతికినవి. వికారాబాదు ప్రాంతంలోనే ఉన్న నస్కల్ గ్రామం వద్ద అటువంటి పొరలో దొరికిన చిన్న చిన్న పళ్ళను పరిశీలించి, ప్రసాద్, సాహ్ని అనే శాస్త్రవేత్తలు 1988లో డైనోసారుల కాలం నాటి క్షీరదాన్ని లోకానికి తెలిపినారు. భారతదేశంలో క్రిటేషియస్ కాలపు క్షీరదం దొరకడం అదే మొదలు.

మరి మన నల్లగొండ గుట్టల సంగతి? ఇవి గ్రానైటు. వీటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఇదీ కరిగిన రాయే, కాని పైకి పొంగలేదు, లోపలనే నిదానంగా చల్లారింది. పాకం నిదానంగా చల్లారితే పటికబెల్లం పలుకులు పెద్దగా వస్తాయి కదా, గ్రానైటులో పలుకులు కంటికి కనపడేది అందుకే. బసాల్టు బయటపడి త్వరగా చల్లారింది కాబట్టి దాని పలుకులకు భూతద్దం కావాలె.

నీరు

రైతుబిడ్డకు రాయి సంగతి ఎందుకని అడుగవచ్చును. నీటి సంగతి రాయిలోనే ఉన్నది గనుక. అనంతగిరి మీద పడ్డ వాన ఎర్రరాయి చిల్లులగుండా లోపలికి ఇంకుతుంది. కింద నల్లరాయి మురిగి ఏర్పడిన జిగురుమట్టి తగిలి ఆగుతుంది. ఆగిన నీరు గుట్ట పక్కల నుంచి ఊటగా బయటికి వస్తుంది. కాబట్టి ఆ గుట్ట ఒక పెద్ద గోలెం వంటిది: వానాకాలం నింపుకొని, తర్వాత మెల్లమెల్లగా విడుస్తది. మన గ్రానైటుకు ఈ గుణం తక్కువ. నీళ్ళు పైన మురిగిన పొరలోనో, లోపలి పగుళ్ళలోనో మాత్రమే నిలుస్తాయి. అందుకే మా దిక్కు పక్కపక్కనే వేసిన రెండు బోర్లలో ఒకదాంట్ల నీళ్ళు, ఒకదాంట్ల దుమ్ము. బోరు మీద బోరు వేసి అప్పులపాలైన ఇండ్లు మనకు కొత్త కాదు. బోరు నమ్మలేని రైతు కాల్వ దిక్కే చూస్తడు.

ఆ కాల్వకు నీరిచ్చే మూసీ సుమారు 240 కిలోమీటర్లు నడిచి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరులో ఇదే నది హైదరాబాదును ముంచింది. ఆ తర్వాతనే 1920లో గండిపేట చెరువు పూర్తయింది. మన దగ్గరి మూసీ ప్రాజెక్టు 1963లో వచ్చింది. దాని కాల్వ మీదనే మా ఇంటి వరిపొలం బతుకుతున్నది.

కోనేటి పక్కన ఊటనీళ్ళు దోసిట పట్టి చూస్తే అరచేతి గీతలు కనపడినవి. అదే నది నగరం దాటి, మురుగు మోసుకొని మన వరకు వచ్చేసరికి నురగ, వాసన. మా నాయన కాల్వ నీళ్ళలో నాటు వేయించి వచ్చిన నాడు కాళ్ళు దురదపెడుతున్నవని కొబ్బరినూనె రాసుకుంటడు. మా తాత మాత్రం ఇదే మూసీ ఇసుకలో చెలిమె తీసి తాగినోడు. ఒక్క ఇంట్లో రెండు తరాలలోనే ఇంత మార్పు!

మన పని

ఇది కేవలం విచారపడి ఊరుకునే విషయం కాదు. మన రసాయనశాస్త్ర ప్రయోగశాలలో థయోసల్ఫేటు, బ్యూరెట్టు ఉన్నవి. వాటితో వింక్లర్ పద్ధతిలో నీటిలో కరిగిన ఆక్సిజనును కొలవవచ్చును. 25 డిగ్రీల వద్ద పరిశుభ్రమైన నీటిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాములు ఉంటది. 4కు తగ్గితే చాలా రకాల చేపలకు ఊపిరాడదు. విద్యార్థి సంఘం వచ్చే యేటి విహారయాత్రను అనంతగిరికి పెట్టాలని నా మనవి. అక్కడ ఒక సీసా, నగరం దిగువన ఒక సీసా, కేతేపల్లి కాల్వ వద్ద ఒక సీసా నింపుదాము. ఆక్సిజను జారిపోకుండా రసాయనాలు అక్కడికక్కడే కలిపి, మూత బిగించి తెద్దాము. వచ్చిన మూడు అంకెలను వచ్చే సంచికలో అచ్చు వేద్దాము.

"నీళ్ళు ఖరాబైనయి" అని రైతు ఎన్నిసార్లు చెప్పినా వినని చెవులు, అంకె చూపిస్తే వింటవి. చదువుకున్నందుకు మన ఊరికి మనం చేయగల మొదటి పని ఆ అంకె తెచ్చి ఇవ్వడమే.