అలకనంద: ఒక సుదూర నక్షత్రవీధి

హిందీలో మన పాలపుంతకు మందాకిని అనే పేరు కూడా ఉన్నది. తెలుగులోకి తెచ్చేటప్పుడు నేను పాలపుంత అనియే వ్రాస్తాను. నది పోయి బాట మిగులుతుంది. ఈసారి మాత్రం ఆ అలవాటు చెల్లలేదు.

పుణెలోని జాతీయ రేడియో ఖగోళ భౌతిక కేంద్రానికి చెందిన రాశి జైన్, యోగేశ్ వడదేకర్ 2025లో వెల్లడించిన సర్పిలాకార నక్షత్రవీధికి అలకనంద అని పేరు పెట్టారు. హిమాలయాలలో మందాకిని రుద్రప్రయాగ వద్ద అలకనందలో కలుస్తుంది. ఆ బంధుత్వమే ఈ పేరుకు ఆధారం. మందాకినిని మార్చివేస్తే తోబుట్టువు మాయమవుతుంది. ఢిల్లీ పాఠకులకు ముందుగా ఇక్కడి అలకనంద కాలనీ స్ఫురిస్తే అది వారి తప్పు కాదు.

జేమ్స్ వెబ్ అంతరిక్ష దూరదర్శిని చిత్రాలలో ఇది కనిపించింది. మధ్యలోనున్న ఏబెల్ 2744 అనే నక్షత్రవీధుల గుచ్ఛం తన గురుత్వాకర్షణతో భూతద్దంవలె పనిచేసి, దీని కాంతిని దాదాపు రెండింతలు చేసింది. ఆ కాంతి సుమారు 1,200 కోట్ల ఏండ్ల క్రితం బయలుదేరినది. అప్పటికి విశ్వం వయస్సు 150 కోట్ల ఏండ్లు మాత్రమే! అంత లేత విశ్వంలో నక్షత్రవీధులు రూపం కుదరక ముద్దలుగా ఉంటాయని, పళ్లెం వంటి బింబం, చక్కని భుజాలు ఏర్పడడానికి కొన్ని వందల కోట్ల ఏండ్లు పడుతుందని శాస్త్రజ్ఞులు భావించేవారు. అలకనందకు అప్పటికే రెండు స్పష్టమైన భుజాలున్నవి. వాటి వెంట నక్షత్రాల గుంపులు పూసలవలె అమరియున్నవి. అడ్డుకొలత సుమారు 30,000 కాంతి సంవత్సరాలు. ఏటా దాదాపు 60 సూర్యులకు సరిపడు ద్రవ్యం అందులో నక్షత్రాలుగా మారుతుండేది. నేటి పాలపుంతలోని వేగానికి ఇది సుమారు 20 రెట్లు.

ఆ భుజాలు ఎట్లు కలిగినవి? చల్లని వాయువు నిలకడగా వచ్చి చేరడం వల్లనా, పొరుగున ఏదో చిన్న నక్షత్రవీధి లాగడం వల్లనా? బింబం ఎంత నిలకడగా తిరుగుతున్నదో వర్ణపటం ద్వారా కొలిస్తేగాని తేలదు.