వాడిన నీళ్లంటే అంత వెగటెందుకో!

చెల్లాయిలూ, ఈసారి ముచ్చటకి ముక్కు మూసుకోకండి. అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఓ మూల గర్రుమంటూ ఉంటుందే ఎస్‌టీపీ, అదే మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటు, దాని సంగతి మాట్లాడుకుందాం. మన స్నానాల నీళ్లూ, అంట్లు తోమిన నీళ్లూ, బాత్రూమ్ నీళ్లూ అన్నీ దాన్లోకి పోయి, శుభ్రపడి, ఫ్లష్‌లోకీ మొక్కలకీ తిరిగొస్తాయి. లాన్‌కి పోస్తే ఎవరూ ఏమీ అనరు. కరివేపాకు చెట్టుకి పోయబోతే మాత్రం "అయ్యో, పోపులో వేసుకునేదమ్మా!" అని పరుగెత్తుకొస్తాం.

మరి మనం తాగే నీళ్ల మాటేమిటి? గోదావరి నాసిక్ దాటి, నాందేడ్ దాటి మన దగ్గరికొస్తుంది. దారిలో ఊళ్ల మురుగు కలుస్తూనే ఉంటుంది. ఆ నీళ్లనే ఎల్లంపల్లి దగ్గర తోడి, శుద్ధిచేసి హైదరాబాద్ కుళాయిలకిస్తున్నారు. రాజమండ్రిలో ఆ నదిలోనే మునిగి పుణ్యం మూటగట్టుకుంటాం. మధ్యలో గోదారమ్మ ఉంది కాబట్టి మనసు ఒప్పుకుంది. పైపులో నేరుగా వస్తే ఒప్పుకోదు, అంతే తేడా!

ఇదంతా మన మడీ ఆచారాల మహిమే అనుకునేరు. ఆస్ట్రేలియాలో టూవూంబా అని ఒక ఊరుంది. కరువొచ్చి డ్యాములు అడుగంటుతుంటే, మురుగునీటిని బాగా శుద్ధిచేసి తాగునీటిలో కలుపుదామా అని 2006 జూలైలో జనాన్ని ఓటడిగారు. నూటికి 62 మంది వద్దన్నారు. మురుగు తాగబోమంటూ పేరులోనే చాటుకున్న సంఘం కూడా ఒకటి పుట్టింది. అంత వెగటు పుట్టాక లెక్కలూ ల్యాబ్ రిపోర్టులూ ఎవరికి కావాలి?

సింగపూర్ వాళ్లు ఇంకో దారి పట్టారు. 2002 జాతీయ దినోత్సవాన 60,000 మంది అలా శుద్ధిచేసిన మురుగునీటి సీసాలు ఎత్తి తాగారు. నాకు అదంత గొప్పగా అనిపించదు, కెమెరా ముందు ఎవరైనా తాగుతారు. మరుసటి ఏడాది ఆ నీళ్లు తయారయ్యే ప్లాంటు పక్కనే సందర్శకుల కేంద్రం తెరిచి, బడిపిల్లల్ని కూడా తీసుకెళ్లి చూపించారు చూడండి, అదీ తెలివంటే. ఆ నీళ్లలో ఎక్కువ భాగం ఫ్యాక్టరీలకే పోతుంది. తాగునీటి జలాశయాల్లోకి కొద్దిగానే, అదీ వానల్లేని రోజుల్లో. ఎడారి పక్కనున్న నమీబియా రాజధాని విండ్‌హోక్‌లోనైతే 1968 నుంచే శుద్ధిచేసిన మురుగునీరు తాగునీటిలో కలుస్తోంది.

మళ్లీ మన సెల్లార్లోకి వద్దాం. పొద్దున్నే ఫ్లష్ నొక్కగానే గుప్పుమనే కంపు గురించి మీటింగులో ఎత్తితే, "అంతా మీ భ్రమ మేడమ్" అంటారు. భ్రమ కాదర్రా! ఎస్‌టీపీ ట్యాంకులో మురికిని తినేవి సూక్ష్మజీవులు, మన తోడు పెరుగులో ఉండేవాటికి దూరపు చుట్టాలు. వాటికి గాలి కావాలి. ఆ గాలి ఊదేదే బ్లోయర్. కరెంటు బిల్లు తగ్గించాలని రాత్రంతా దాన్ని ఆపేస్తే అవి ఊపిరాడక చస్తాయి, తెల్లారేసరికి నీళ్లు కంపు కొడతాయి. ముందుగా పసిగట్టేది బాత్రూమ్‌లు కడిగే పనమ్మాయి. ఆమెనెవరూ మీటింగుకి పిలవరు.

అందుకే నేనంటాను, ఆడవాళ్ల ఛీత్కారాన్ని అజ్ఞానమని తోసేయొద్దు. "ఆ మిషన్ని ఎవరు చూస్తున్నారు?" అన్న ప్రశ్న అందులోనే ఉంది. ఒకసారి కిందికి దిగండి. ఆపరేటర్ కుర్రాణ్ని అడిగితే గాలి ఊదే ట్యాంకులోంచి లీటరు గాజు జాడీలో నీళ్లు పట్టి చూపిస్తాడు. అరగంట కదపకుండా ఉంచితే గోధుమరంగు బురద అడుగుకి దిగి, పైన నీరు తేటపడాలి. బురద దిగకుండా తేలుతూనే ఉంటే సెక్రెటరీగారిని అక్కడికే పిలిపించండి. ఆ కుర్రాడికి గ్లవ్స్ ఇచ్చారో లేదో, ట్యాంకు కడగాల్సి వస్తే మనిషిని దించుతున్నారేమో కూడా అడగండి. రక్షణ లేకుండా మురుగు ట్యాంకులోకి మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం.