కాస్ట్‌కో సభ్యత్వం: రుసుము కట్టే ముందు, గడువు తేదీకి ముందు

అమెరికాకు కొత్తగా వచ్చిన తెలుగువారు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇవి సమాధానాలు. కాస్ట్‌కో అంటే సభ్యత్వ రుసుముతో నడిచే పెద్ద దుకాణాల సంస్థ. ఇవి అమెరికాలోని కాస్ట్‌కోకు మాత్రమే వర్తిస్తాయి. ఇక్కడ చెప్పిన రుసుములు 2024 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చాయి. కొన్ని రాష్ట్రాల్లో వాటిపై పన్ను అదనం. నియమాలు మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే రోజున కాస్ట్‌కో సభ్యత్వ షరతుల పత్రాన్ని ఒకసారి సరిచూసుకోండి.

ఈ వ్యాసంలో "గోల్డ్ స్టార్ సభ్యత్వం" అంటే ఏడాదికి 65 డాలర్ల సభ్యత్వం. "ఎగ్జిక్యూటివ్ సభ్యత్వం" అంటే ఏడాదికి 130 డాలర్ల సభ్యత్వం. "అర్హ కొనుగోళ్లు" అంటే ఎగ్జిక్యూటివ్ సభ్యులకు ఇచ్చే 2 శాతం రివార్డు లెక్కలోకి వచ్చే కొనుగోళ్లు. "గడువు తేదీ" అంటే సభ్యత్వ సంవత్సరం ముగిసే తేదీ.

1. గోల్డ్ స్టార్ సభ్యత్వం రుసుము ఎప్పుడు గిట్టుబాటవుతుంది?

మీరు మామూలుగా వెళ్లే దుకాణంతో పోలిస్తే ఏడాదిలో 65 డాలర్లకు మించి మిగిలినప్పుడు. సగటున 10 శాతం మిగులుతుందనుకుంటే, ఏడాదికి 650 డాలర్ల సరుకు కొన్నాకే రుసుము తిరిగొస్తుంది. ఈ లెక్కలోకి మీరు ఎలాగూ కొనే సరుకులే రావాలి. చవకగా ఉందని తెచ్చుకున్న అదనపు వస్తువు ఖర్చే తప్ప మిగులు కాదు.

2. ధరలను ఎలా పోల్చాలి?

ప్యాకెట్ ధర చూడకండి, పౌను ధర చూడండి. ఆపైన, ఇంట్లో నిజంగా వాడిన పరిమాణంతో భాగించండి. ఉదాహరణకు, బయట ఒక పౌను ఆకుకూర 4 డాలర్లు, కాస్ట్‌కోలో మూడు పౌన్ల డబ్బా 9 డాలర్లు అనుకుందాం. పౌను 3 డాలర్లకే వచ్చినట్టు కనిపిస్తుంది. వారం తిరిగేసరికి ఒక పౌను కుళ్లి చెత్తబుట్టలో పడితే, తిన్నది పౌను నాలుగున్నర డాలర్లకు కొన్నట్టు. బియ్యం, బాదం, జీడిపప్పు, నూనె వంటి నిల్వ సరుకులకు ఈ ఇబ్బంది తక్కువ. ఇద్దరే ఉన్న ఇంట్లో పాలు, పండ్లు, కూరగాయల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం.

3. పెట్రోలు కోసమే సభ్యత్వం తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. కాస్ట్‌కో బంకులో గ్యాలన్‌కు 30 సెంట్లు తక్కువ, ఒక్కోసారి 15 గ్యాలన్లు అనుకుంటే ఒకసారి నింపినప్పుడు నాలుగున్నర డాలర్లు మిగులుతాయి. పదిహేనోసారికి రుసుము తిరిగొస్తుంది. మీ ఊళ్లో అసలు తేడా ఎంతో, అక్కడికి వెళ్లే దూరం ఎంతో, వరుసలో ఎంతసేపు ఆగాలో చూసి ఈ అంకెలను మార్చుకోండి.

4. ఎగ్జిక్యూటివ్ సభ్యత్వానికి మారమని కౌంటర్లో అడుగుతున్నారు. మారాలా?

అదనంగా కట్టే 65 డాలర్లు 2 శాతం రివార్డు రూపంలో తిరిగి రావాలంటే ఏడాదికి 3,250 డాలర్ల అర్హ కొనుగోళ్లు ఉండాలి. అంటే నెలకు సుమారు 271 డాలర్లు. మొత్తం 130 డాలర్లూ రివార్డుగానే తిరిగి రావాలంటే 6,500 డాలర్ల అర్హ కొనుగోళ్లు కావాలి. రివార్డుకు ఏడాది పరిమితి 1,250 డాలర్లు.

చాలామంది పొరబడేది ఇక్కడే. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కాస్ట్‌కో పేరున కనిపించే మొత్తమంతా అర్హ కొనుగోళ్లు కాదు. పెట్రోలు, ఫుడ్ కోర్టు, పొగాకు, తపాలా బిళ్లలు, షాప్ కార్డులు (ముందే డబ్బు నింపిన కాస్ట్‌కో కార్డులు), సభ్యత్వ రుసుము ఈ లెక్కలోకి రావు. మద్యం విషయం రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. అమ్మకం పన్నునూ తీసేయాలి. నెలకు 400 డాలర్లు ఖర్చుపెట్టే ఇంట్లో 160 డాలర్లు పెట్రోలుకే పోతే మిగిలేది 240. ఆ ఇంటికి రివార్డు ఒక్కటే చూసుకుంటే మారడం దండగ.

సరుకులు ఇంటికి చేర్చే ఇన్‌స్టాకార్ట్ ద్వారా ఒకేసారి 150 డాలర్లు లేదా అంతకు మించి కాస్ట్‌కో సరుకులు తెప్పించుకునే ఎగ్జిక్యూటివ్ సభ్యులకు నెలకు 10 డాలర్ల తగ్గింపు ఉంది. ఆ సేవ ముందునుంచీ వాడుతున్నవారే దీన్ని లెక్కలో కలుపుకోవాలి. నా సలహా: ముందు గోల్డ్ స్టార్ సభ్యత్వం తీసుకోండి, మూడు నెలల రసీదులు దాచి కూడండి, తర్వాత నిర్ణయించండి.

5. ఒకే అపార్ట్‌మెంట్‌లో నలుగురు విద్యార్థులం. ఒక సభ్యత్వం సరిపోతుందా?

ఇద్దరికి సరిపోతుంది. ప్రధాన సభ్యులతో పాటు అదే చిరునామాలో ఉండే మరొకరికి అదనపు రుసుము లేకుండా హౌస్‌హోల్డ్ కార్డు ఇస్తారు. మిగతా ఇద్దరూ ఆ కార్డులు వాడటానికి వీల్లేదు. కార్డు మరొకరికి బదిలీ కాదు, ప్రవేశద్వారం దగ్గర స్కాన్ చేసి ఫోటో సరిచూస్తారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను అతిథులుగా వెంట తీసుకెళ్లవచ్చు. అయితే అతిథులు ఇద్దరికి మించకూడదు, బిల్లు సభ్యులే కట్టాలి.

6. సభ్యత్వం లేకుండా ఏవి అందుతాయి?

ఫార్మసీలో ప్రిస్క్రిప్షన్ మందులకు సభ్యత్వం అక్కర్లేదు. సభ్యులు కొనిచ్చిన షాప్ కార్డుతో బయటివారూ సరుకు కొనవచ్చు. వెబ్‌సైట్‌లో కొన్ని వస్తువులు 5 శాతం అదనపు రుసుముతో దొరుకుతాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లే అవసరమయ్యేవారు ముందు ఈ దారులు చూడాలి.

7. నచ్చకపోతే రుసుము వాపసు ఇస్తారా?

ఇస్తారు. సభ్యత్వంతో సంతృప్తి లేదని చెబితే రద్దు చేసి రుసుము పూర్తిగా వాపసు ఇస్తామన్నది కాస్ట్‌కో లిఖితపూర్వక హామీ. సరుకులకూ ఇలాంటి హామీయే ఉంది గానీ మినహాయింపులు గమనించండి. టీవీలు, కంప్యూటర్లు, ఫోన్లు, కెమెరాలు, పెద్ద గృహోపకరణాలను అందిన 90 రోజుల్లోగా తిరిగి ఇవ్వాలి. బంగారు కడ్డీలకు వాపసు లేదు. సభ్యత్వాన్ని రద్దు చేసే అధికారం కంపెనీకీ ఉంది కాబట్టి, ఏటా వాడుకుని ఏటా వాపసు అడిగే పద్ధతిని నేను సిఫార్సు చేయను.

8. గడువు తేదీ దాటాక రెన్యువల్ చేస్తే ఏమవుతుంది?

గడువు తేదీ తర్వాత రెండు నెలల్లోగా రెన్యువల్ చేస్తే కొత్త 12 నెలలు పాత గడువు తేదీ నుంచే మొదలవుతాయి. రెండు నెలలు దాటాక చేస్తే రెన్యువల్ చేసిన తేదీ నుంచి మొదలవుతాయి. కాబట్టి ఆరు వారాలు ఆలస్యం చేస్తే మీకు కలిసొచ్చేది ఏమీ లేదు, ఆ ఆరు వారాలూ పోయినట్టే. ఆటో రెన్యువల్‌కు ఒప్పుకున్నారో లేదో మీ ఖాతాలో ఇప్పుడే చూసుకోండి. వద్దనుకుంటే గడువు తేదీకి కనీసం ఒక నెల ముందు ఆపేసి, ఆపినట్టు చూపే తెర చిత్రాన్ని దాచుకోండి.

9. ఇండియాకు తిరిగి వెళ్లిపోతున్నాం. ఏ వరుసలో చేయాలి?

2 శాతం రివార్డు జారీ అయ్యేటప్పుడూ, దాన్ని వాడేటప్పుడూ ఎగ్జిక్యూటివ్ సభ్యత్వం అమల్లో ఉండాలి. కాబట్టి ముందు రివార్డు వాడుకోండి, తర్వాత ఆటో రెన్యువల్ ఆపండి, చివరగా రద్దు కోరండి. రద్దును ప్రధాన సభ్యులే కోరడం సురక్షితం. బ్యాంకు ఖాతా మూసేది ఆ తర్వాతే.

10. ఆపేశాక కూడా డబ్బు తీసుకుంటే?

ముందు కాస్ట్‌కోనే వాపసు అడగండి. పరిష్కారం కాకపోతే, క్రెడిట్ కార్డు విషయంలో ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం కింద కార్డు సంస్థకు లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపవచ్చు. ఆ చార్జీ మొదట కనిపించిన బిల్లు పంపిన 60 రోజుల్లోగా ఆ లేఖ వారికి చేరాలి. చెల్లింపులు పంపే చిరునామాకు కాకుండా, బిల్లింగ్ విచారణల కోసం ఇచ్చిన చిరునామాకు పంపాలి. వారు 30 రోజుల్లోగా అందినట్టు తెలిపి, రెండు బిల్లింగ్ కాలాల్లో, ఎట్టి పరిస్థితుల్లోనూ 90 రోజులు మించకుండా, తేల్చాలి. డెబిట్ కార్డు అయితే, ఇకముందు జరగబోయే చెల్లింపును దాని తేదీకి కనీసం మూడు పనిదినాల ముందు బ్యాంకుకు చెప్పి ఆపించవచ్చు. ఫోన్లో మాట్లాడి ఊరుకోకండి. లేఖ నకలు, పంపిన రసీదు మీ దగ్గర ఉంచుకోండి.