దుమ్ము దులపడానికి మూడు వస్తువులు చాలు

ప్రశ్న: అచ్యుతాపురంలో రోడ్డు పక్కన మాకు జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది. మధ్యాహ్నానికల్లా కంప్యూటర్ వేడెక్కి ఆగిపోతోంది. మూత తీస్తే ఫ్యాను నిండా దుమ్మే. గాలి స్ప్రే డబ్బాలు ఇట్టే అయిపోతున్నాయి. తక్కువ ఖర్చులో ఏం కొనాలి?
– ఒక పాఠకుడు

జవాబు: మీ ఊరి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) లారీలు లేపే దుమ్ముకు పూడిమడక తీరం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి తేమ తోడైతే, అది ఫ్యాను రెక్కలకూ, దాని కింది లోహపు పలకల సందుల్లోనూ అట్టకడుతుంది. గాలి ఆడక ప్రాసెసర్ వేడెక్కుతుంది. అది కాలిపోకముందే సిస్టమ్ దానంతటదే ఆగిపోతుంది.

పెయింట్ల షాపులో దొరికే అంగుళం మెత్తటి బ్రష్షు, కెమెరాల మీద దుమ్ము ఊదే రబ్బరు బంతి బ్లోయర్ కొనండి. కంప్యూటర్లు ఎక్కువుంటే చిన్న కరెంటు బ్లోయర్ తీసుకోండి. డబ్బాలా అయిపోయేది కాదు, ఏళ్లపాటు పనికొస్తుంది.

ముందు ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి. సీపీయూను ఆరుబయటకు తెచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. క్యాబినెట్ ఇనుమును ఓసారి ముట్టుకుంటే ఒంట్లోని స్థిర విద్యుత్ పోతుంది. బ్రష్షుతో అట్ట వదిలించి, ఫ్యాను తిరగకుండా వేలితో ఆపి, జానెడు దూరం నుంచి గాలి కొట్టండి. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి. తడిగుడ్డ వాడొద్దు. పవర్ సప్లై పెట్టె విప్పొద్దు.

రెండు నెలలకోసారి ఇలా చేయండి. సీపీయూను నేల మీద కాకుండా స్టూలు మీద ఉంచండి.

అయినా ఆగిపోతున్నా, మాడు వాసన వచ్చినా, బోర్డు మీద పచ్చటి చిలుము కనిపించినా ఆలస్యం చేయకుండా మెకానిక్‌కు చూపించండి.