బార్ వేగం: చేతి బ్యాండ్‌ను ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. బీపీకి మాత్ర వాడుతున్నాను. ఏడాదిగా జిమ్‌కి వెళ్తున్నాను. బార్ ఎంత వేగంగా లేచిందో చెప్పే బ్యాండ్‌ను ముంజేతికి కట్టుకుంటున్నాను. బెంచ్ ప్రెస్‌లో అదే బరువుకు ఒకసారి సెకనుకు 0.52 మీటర్లు అంటుంది, వెంటనే 0.38 అంటుంది. అది చూసి ట్రైనర్ ప్లేట్లు మారుస్తున్నారు. నమ్మొచ్చా?
- ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ప్లేట్లు మార్చేంత నమ్మకం వద్దు.

నిజానికి బ్యాండ్ వేగాన్ని కొలవదు. లోపలి సెన్సర్ త్వరణాన్ని పట్టుకుంటుంది. దాన్ని క్షణక్షణం కూడుకుంటూ పోయి వేగం లెక్కగడతారు. కూడికతోపాటు చిన్నచిన్న తప్పులూ పోగవుతాయి. బార్ చకచకా లేస్తే అవి పెరిగే వ్యవధి ఉండదు. బరువెక్కి, బార్ వణుకుతూ నెమ్మదిగా లేచినప్పుడే చిక్కు: లెక్క ఎక్కువసేపు సాగుతుంది, వేగమేమో చాలా తక్కువ. కొలత కచ్చితంగా కావాల్సిన చోటే బ్యాండ్ తడబడుతుందన్నమాట. పైగా పట్టీ వదులైనా, మణికట్టు తిరిగినా అది కొలిచేది చేతి కదలికనే. బార్‌కే తీగ కట్టి కొలిచే పరికరాన్నో, చుట్టూ అమర్చిన కెమెరాలనో పరిశోధకులు ప్రమాణంగా పెట్టుకునేది అందుకే.

0.14 మీటర్ల తేడా ఓ లెక్కా అనిపించవచ్చు. స్పెయిన్ పరిశోధకులు గొంజాలెజ్-బదియో, సాంచెజ్-మెదీనా 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, బెంచ్ ప్రెస్‌లో ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే బరువుకు బార్ వేగం సుమారు 0.16 మీటర్లు. ఆ గరిష్ఠంలో 5 శాతం చొప్పున బరువు పెరిగే కొద్దీ వేగం 0.07 నుంచి 0.09 దాకా తగ్గుతుంది. గరిష్ఠం 100 కిలోలనుకుంటే, ఈ పాఠకుడి బ్యాండ్ చూపిన తేడా 8 నుంచి 10 కిలోలకు సమానం. అందులో కొంత అలసటదీ కావచ్చు.

తేల్చుకోవడానికి ఫోన్ చాలు. రొమ్ము నుంచి చేతులు చాచేదాకా బార్ నడిచే దూరాన్ని టేపుతో కొలవాలి. పక్క నుంచి స్లో మోషన్‌లో, సెకనుకు 240 ఫ్రేములతో, వీడియో తీయించాలి. దూరం 40 సెంటీమీటర్లు, పట్టింది 192 ఫ్రేములు అయితే సమయం 0.8 సెకన్లు, సగటు వేగం 0.50. బ్యాండ్ ఎప్పుడూ ఒకే మోతాదులో ఎక్కువో తక్కువో చూపుతుంటే దాంతో నెట్టుకురావచ్చు. ఒకసారి అటు, ఒకసారి ఇటు పోతుంటే మాత్రం పక్కన పెట్టేయడమే.

నమ్మదగ్గదైతే దాన్ని సెట్ ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడానికి వాడుకోవాలి. 2017లో వెలువడిన ఓ అధ్యయనంలో 8 వారాలు స్క్వాట్లు చేయించారు. వేగం 20 శాతం తగ్గగానే ఆపినవాళ్లకూ, 40 శాతం దాకా లాగినవాళ్లకూ బలం దాదాపు ఒకేలా పెరిగింది. కండ మాత్రం రెండోవాళ్లకే ఎక్కువ.

ఈ పాఠకుడికి అసలు చూసుకోవాల్సింది బీపీ. 1985లో కెనడా పరిశోధకులు బాడీబిల్డర్ల చేతి ధమనిలో గొట్టం పెట్టి కొలిస్తే, రెండు కాళ్లతో లెగ్ ప్రెస్ చేసేటప్పుడు సగటున 320/250 వచ్చింది. ఊపిరి బిగబట్టడం అందుకో కారణం. బార్ మొరాయించే ఆఖరి రెప్‌లలోనే ఎవరైనా ఊపిరి బిగబడతారు. కనుక అక్కడిదాకా పోకుండా రెండు మూడు రెప్‌ల ముందే బార్‌ను స్టాండుకు ఆనించాలి, ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. మాత్ర రాసిన డాక్టర్ బీపీ చూసి సరేనన్నాకే బరువు పెంచాలి. ఛాతీ పట్టేసినా, హఠాత్తుగా తలనొప్పి వచ్చినా ఆ రోజుకు వ్యాయామం ఆపేసి, వెంటనే డాక్టర్‌ను కలవాలి.